అక్కను చూస్తే ఒళ్లు మండుతోంది.. ఏడుపు మాత్రం రావట్లేదు!

ప్రశ్న: నా వయసు 26. మూడేళ్లుగా ప్రేమించిన అబ్బాయి నాలుగు నెలల క్రితం బైక్ యాక్సిడెంట్‌లో చనిపోయాడు. తర్వాత తెలిసింది, మా అక్కతోనూ ప్రేమ నడిపాడని. మా సంగతి తనకూ తెలియదంటోంది, నమ్మబుద్ధి కావట్లేదు. ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. అమ్మ వాడే అల్‌ప్రజోలామ్ మాత్ర రోజూ వేసుకుంటేనే నిద్ర. ఒక్కోసారి నేనూ పోతే బాగుండనిపిస్తోంది.
- ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: మీరు చివర్లో రాసిన మాటతోనే మొదలుపెడతాను. ‘పోవాలి’ అన్న ఆలోచన ‘ఎలా’ అన్నదాకా వెళ్లిందా? వెళ్లి ఉంటే ఇది చదవడం ఆపి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రయినా ఎత్తుతారు. ఇలాంటి ఆలోచన వస్తోందని ఇంట్లో ఒకరికైనా ఈరోజే చెప్పండి. కారణం చెప్పక్కర్లేదు.

మన దగ్గర ఎవరైనా పోతే పెద్దకర్మ దాకా ఇంటినిండా మనుషులే. వచ్చినవాళ్లందరికీ జరిగిందే మళ్లీ మళ్లీ చెప్పి ఏడుస్తాం. విసుగనిపించినా అదే సగం వైద్యం. మిమ్మల్ని పరామర్శించినవాళ్లు ఎవరు? చాటుగా మోయాల్సిన దుఃఖం ఇది, దానిమీద మోసం వచ్చి పడింది. ఏడుద్దామంటే కోపం అడ్డొస్తుంది, నిలదీద్దామంటే మనిషి లేడు. ఎదురుగా అక్క దొరికింది.

అక్క చెప్పేది నిజమా కాదా అన్నది నేను తేల్చలేను. తననీ ఎవరూ పరామర్శించలేదన్నది మాత్రం నిజం. ఇద్దరూ కూర్చుని తేదీలు, మెసేజ్‌లు పోల్చుకోకండి. ఎవరిని ఎక్కువ ప్రేమించాడన్న లెక్క తేలేది కాదు. క్షమించమని కూడా చెప్పను, ఆ సలహా ఇచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. ‘ఇప్పుడు మాట్లాడలేను, కొంత టైమ్ కావాలి’ అని ఒక్కసారి చెప్పేయండి, చాలు.

ఇక మాత్ర. అల్‌ప్రజోలామ్ అలవాటుపడే మందు, మనసు మొద్దుబారడంలో దాని వాటా కూడా ఉండొచ్చు. అలాగని ఒక్కసారిగా ఆపకండి. వణుకు, ఆందోళన, అరుదుగా ఫిట్స్ కూడా వస్తాయి. డబ్బా అమ్మ దగ్గరే ఉంచి, సైకియాట్రిస్ట్‌ను కలవండి. డోసు కొద్దికొద్దిగా తగ్గిస్తారు, డిప్రెషన్ ఉందేమో కూడా చూస్తారు.

నాలుగు నెలలకీ దుఃఖం తగ్గకపోవడం జబ్బేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం ఆరు నెలలు దాటాక కూడా రోజువారీ పనులు సాగనంత తీవ్రంగా ఉంటేనే దాన్ని సమస్యగా లెక్కిస్తారు. మీరు అప్పటిదాకా ఆగొద్దు, ఈ వారమే వెళ్లండి. అక్కను వెంట తీసుకెళ్లకండి. తను కూడా చూపించుకోవాలనుకుంటే వేరే డాక్టర్, వేరే రోజు.