కొంగ ఎగిరిపోయాక కూడా కెమెరా ఆపకండి

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. వన్యప్రాణి చిత్రాల సినిమాటోగ్రాఫర్ కావాలని కోరిక. నేను తీసిన పక్షుల క్లిప్పులు చూసిన ఒక ఎడిటర్ ‘బాగున్నాయి కానీ వీటితో సినిమా కాదు’ అన్నారు. లోపం నా కెమెరాలో ఉందా, చదువులో ఉందా?

జవాబు: రెండింటిలోనూ లేదు. ఆ ఎడిటర్ ఈ వృత్తిలోని మొదటి పాఠాన్ని మీకు ఉచితంగా చెప్పారు.

చెరువు గట్టున నిలబడ్డ కొంగనే తీసుకోండి. అది చేపను పట్టిన క్షణం మీ దగ్గర ఉండే ఉంటుంది. ఎడిటర్‌కు అదొక్కటే చాలదు. చెరువంతా కనిపించే దూరపు షాట్, నీటిలో కదలని కాళ్లు, కిందికి చూస్తున్న కన్ను, ముడుచుకునే మెడ, చేప గొంతులోకి జారుతున్నప్పుడు కనిపించే ఉబ్బు, చివరకు నీటి మీద విచ్చుకునే వలయాలు, ఇవన్నీ ఉంటేనే సన్నివేశం కుదురుతుంది. ఒకే వేటలో ఇవన్నీ దొరకవు గనుక అదే చోటికి, అదే వెలుతురులో, పది ఉదయాలైనా వెళ్లవలసి ఉంటుంది. కొంగ ఎగిరిపోగానే కెమెరా సర్దుకునేవారు (మొదట్లో నేనూ అంతే) ఆ వలయాలను, ఖాళీ గట్టును పోగొట్టుకుంటారు. ముక్కు నీటిని తాకే వేగం కంటికి అందదు. సెకనుకు 120 ఫ్రేముల చొప్పున తీసి 24 ఫ్రేముల వేగంతో చూపితే అది ఐదు రెట్లు నెమ్మదిస్తుంది. అయితే మెడ ముడుచుకునే తీరును బట్టి దెబ్బ ఎప్పుడు పడుతుందో ముందే పసిగట్టగలిగినవారికే ఆ సదుపాయం అక్కరకు వస్తుంది.

చదువు ఉపయోగపడేది ఇక్కడే. స్కాట్లండ్‌కు చెందిన వన్యప్రాణి సినిమాటోగ్రాఫర్ డౌగ్ అలన్ సముద్ర జీవశాస్త్రం చదివి, అంటార్కిటికాలో పరిశోధకులకు డైవర్‌గా పనిచేస్తుండగా, 1981లో ప్రకృతి డాక్యుమెంటరీల ప్రసిద్ధ బ్రిటిష్ వ్యాఖ్యాత డేవిడ్ అటెన్‌బరో చిత్రబృందం పరిచయమై కెమెరా వైపు మళ్లారు. సంపాదన సంగతి దాచను: ఎక్కువమంది ఒప్పందాల మీద పనిచేసేవారే, నెలజీతం అరుదు. సహాయకుడిగా బ్యాటరీలు ఛార్జ్ చేస్తూ, ఫుటేజ్ భద్రపరుస్తూ మొదలుపెట్టి, మాక్రో (చిన్న జీవులను అతి దగ్గరగా తీయడం), నీటి అడుగు, రాత్రి చిత్రీకరణ వంటి వాటిలో ఒకదానిపై పట్టు సాధిస్తే పిలుపులు వస్తాయి. కొంగ సన్నివేశం రెండు నిమిషాలకు కుదిరాక ఆ ఎడిటర్‌కే మళ్లీ చూపించండి.

ప్రశ్న: జంతువు కదలకపోతే చిన్న రాయి విసిరి కదిలించడం తప్పా?

జవాబు: తప్పే. 1958లో విడుదలై ఆస్కార్ అందుకున్న డిస్నీ డాక్యుమెంటరీ ‘వైట్ వైల్డర్‌నెస్’లో లెమ్మింగులనే చిన్న ఎలుకజాతి జీవులు గుంపుగా నీటిలోకి దూకుతున్నట్టు కనిపిస్తుంది. వాటిని వేరే ప్రాంతం నుంచి తెప్పించి, చిత్రబృందమే నీటిలోకి నెట్టిందని 1982లో కెనడా టెలివిజన్ కార్యక్రమం ఒకటి బయటపెట్టింది. లెమ్మింగులు మూకుమ్మడిగా ఆత్మహత్య చేసుకుంటాయన్న అపోహ మాత్రం నేటికీ పోలేదు. రాయి మాట అటుంచి, మేస్తున్న జంతువు తల ఎత్తి మీ వైపే చూస్తూ ఉండిపోయిందంటే మీరు అప్పటికే మరీ దగ్గరకు వెళ్లారన్నమాట. రెండడుగులు వెనక్కి వేయండి.