పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఆన్‌లైన్ ఆటల్లో మాడ్‌లు మొదలుపెట్టేవారికి

ఆటను తయారు చేసిన సంస్థ కాకుండా, దాన్ని ఆడేవాళ్లే తయారు చేసి పదిమందికీ పంచే మార్పులనూ చేర్పులనూ మాడ్‌లు అంటారు. ఈ విడత అందిన ప్రశ్నలలో ఎక్కువ భాగం వాటి గురించే కనుక, మిగిలినవాటిని వచ్చే సంచికకు వాయిదా వేసి, స్థలమంతా వీటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేనూ నా ముగ్గురు స్నేహితులూ మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ ఆడుతుంటాము. ఒకరి కంప్యూటర్‌లో సర్వర్ పెట్టుకొని అందరం అందులో కలుస్తాము. నేను వీడియోలు చూసి పదిహేను మాడ్‌లు దించుకొని, అన్నిటినీ మాడ్స్ ఫోల్డర్‌లో వేశాను. మొదట ఆట తెరుచుకోనే లేదు. కొన్ని తీసేశాక తెరుచుకుంది కానీ, సర్వర్ నన్ను లోపలికి రానివ్వడం లేదు. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: ఒంటరిగా ఆడుకొనే ఆటలో మాడ్ అనేది మీకూ మీ కంప్యూటర్‌కూ సంబంధించిన సంగతి. నలుగురూ కలిసే ఆటలో అలా కాదు. మీ తెర మీద కనిపించే ప్రపంచాన్ని నడిపేది సర్వర్. ఆ ప్రపంచంలో ఏయే వస్తువులు ఉన్నాయన్న విషయంలో మీ కంప్యూటర్‌కూ సర్వర్‌కూ లెక్క కుదిరితేనే తలుపు తెరుచుకుంటుంది. అందుచేత ఏ మాడ్‌నైనా దించుకొనే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న, అది ఎంత బాగుందని కాదు, అది ఎక్కడ పని చేస్తుందని.

సోడియం అనే మాడ్‌ను తీసుకోండి. అది బొమ్మ తెర మీదికి వచ్చే పద్ధతిని మెరుగుపరచి ఆటను వేగంగా నడిపిస్తుంది, అంతే. ఆ పనంతా మీ కంప్యూటర్‌లోనే జరుగుతుంది కనుక సర్వర్‌కు దానితో నిమిత్తం లేదు. మీరొక్కరే పెట్టుకున్నా చెల్లుతుంది. క్రియేట్ అనే మాడ్ సంగతి వేరు. అది పళ్లచక్రాలు, బెల్టులు, నీటి చక్రాలతో యంత్రాలు కట్టుకొనే వీలు కల్పిస్తుంది. అది మీ దగ్గర ఉండి సర్వర్‌లో లేకపోతే, మీరు పెట్టబోయే పళ్లచక్రం సర్వర్ పేరు కూడా వినని వస్తువు అవుతుంది. కాబట్టి అది సర్వర్‌లోనూ, మీ నలుగురి కంప్యూటర్‌లలోనూ, ఒకే వెర్షన్‌లో ఉండి తీరాలి. ఇవి రెండూ కాక, కేవలం సర్వర్‌లో మాత్రమే ఉండేవి మూడో రకం. పేపర్, స్పిగాట్ వంటి సర్వర్ ప్రోగ్రాములలో వాడే ప్లగిన్‌లు ఇలాంటివే. వాటికోసం ఆడేవాళ్లు ఏమీ దించుకోనక్కరలేదు. మిమ్మల్ని సర్వర్ రానివ్వకపోవడానికి కారణం దాదాపు ఖాయంగా, రెండు వైపులా ఉండవలసిన మాడ్ ఏదో మీ వైపు మాత్రమే ఉండడమే. మాడ్ గురించి వివరించే పేజీలో అది క్లయింట్‌కా (అంటే ఆడేవారి కంప్యూటర్‌కా), సర్వర్‌కా, రెంటికీనా అన్నది సాధారణంగా రాసి ఉంటుంది.

ఇక ఆట అసలు తెరుచుకోకపోవడం గురించి. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ తనంతట తాను మాడ్‌లను చదవలేదు. వాటిని చదివి ఆటలోకి ఎక్కించడానికి మాడ్ లోడర్ అనే ప్రోగ్రామ్ కావాలి. ఫోర్జ్, ఫ్యాబ్రిక్, నియోఫోర్జ్ అన్నవి వీటిలో ఎక్కువమంది వాడేవి. ఫ్యాబ్రిక్ కోసం రాసిన మాడ్‌ను ఫోర్జ్‌లో నేరుగా నడపలేము. అలాగే ఆట వెర్షన్ అంకెలు చివరి చుక్క దాకా కలవాలి, 1.20.1 కోసం చేసిన మాడ్ 1.21లో నడుస్తుందని ఆశ పెట్టుకోకూడదు. వీడియోల్లో చూసి ఏరిన పదిహేను మాడ్‌లు ఒకే లోడర్‌వీ, ఒకే వెర్షన్‌వీ అయి ఉండడం చాలా అరుదు.

కాబట్టి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టండి. ముందుగా నలుగురూ కూర్చొని ఏ వెర్షన్, ఏ లోడర్ అన్నది తేల్చుకోండి. మీకు బాగా కావలసిన మాడ్ ఏ వెర్షన్‌లో దొరుకుతుందో చూసి దాన్నిబట్టి తేల్చుకోవడమే తేలిక. తరువాత ఆటను తెరిచే ప్రోగ్రామ్ అయిన లాంచర్‌లోని ఇన్‌స్టలేషన్స్ భాగంలో మాడ్‌ల కోసం వేరే ఇన్‌స్టలేషన్ సృష్టించి, గేమ్ డైరెక్టరీ అన్న చోట కొత్త ఫోల్డర్ చూపించండి. ఇలా చేస్తే మీ మామూలు ఆట, దాని ప్రపంచాలు ఈ ప్రయోగాల ఊసు లేకుండా సురక్షితంగా ఉంటాయి. ప్రిజం లాంచర్, మాడ్రింత్ యాప్, కర్స్‌ఫోర్జ్ యాప్ ఈ విడదీసే పనిని వాటంతట అవే చేసిపెడతాయి. ఆ తరువాత లోడర్‌ను మాత్రమే పెట్టి, ఒక్క మాడ్ కూడా లేకుండా ఆట తెరిచి చూడండి. తెరుచుకుంటే ఒక మాడ్ వేయండి, మళ్లీ తెరవండి. నెమ్మదైన పనే, కానీ ఏది చెడగొట్టిందో తెలుసుకోవడానికి దీన్ని మించిన దారి నాకు కనిపించలేదు. ఇప్పటికే చాలా వేసి ఉంటే సగం బయటికి తీసి చూడండి. బాగుపడితే దోషం తీసిన సగంలో ఉన్నట్టు, లేకపోతే మిగిలిన సగంలో ఉన్నట్టు. ఇలా నాలుగైదు సార్లు చేస్తే పదిహేనింటిలోంచి ఒకటి చేతికి చిక్కుతుంది.

ఆట తెరుచుకోనప్పుడు వచ్చే సందేశాన్ని చదవకుండా మూసేయకండి. ఫ్యాబ్రిక్‌లో అయితే ‘ఇన్‌కంపాటిబుల్ మాడ్స్ ఫౌండ్’ అన్న శీర్షికతో ఒక చిన్న విండో వస్తుంది. దాని కింద ఏ మాడ్‌కు ఏది తక్కువైందో వరుసగా రాసి ఉంటుంది. కొత్తవారికి అక్కడ అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పేరు ఫ్యాబ్రిక్ ఏపీఐ. అది లోడర్‌తో పాటు రాదు; దాన్ని కూడా మాడ్‌లాగే విడిగా దించి అదే ఫోల్డర్‌లో వేయాలి. సగం ఫిర్యాదులు దీనితోనే తీరిపోతాయని నా అనుభవం. విండో రాకుండానే ఆట మూతపడితే, ఆట ఫోల్డర్‌లోని లాగ్స్‌లో లేటెస్ట్ అన్న పేరుతో ఉండే ఫైలును తెరిచి, మీరు వేసిన మాడ్ పేర్లలో ఏది కనిపిస్తుందో వెతకండి.

ఇదంతా నలుగురిచేతా చేయించడం కష్టమనుకుంటే, ఒకరు కూర్చిపెట్టిన మాడ్‌ల కట్టను, అంటే మాడ్‌ప్యాక్‌ను, ఎంచుకొని అందరూ అదే ప్యాక్‌ను, అదే వెర్షన్‌లో పెట్టుకోండి. మొదటిసారి ఆడేవారికి నేను నిజానికి ఇదే సిఫారసు చేస్తాను.

ప్రశ్న: ఒక మాడ్ నచ్చక తీసేశాను. మళ్లీ ఆట తెరిచేసరికి మా ఇంటి గోడలూ పెట్టెలూ సగం మాయమయ్యాయి. మాడ్‌ను తిరిగి వేసినా రాలేదు. వాటిని రప్పించే మార్గం ఉందా?

జవాబు: ముందే ప్రపంచపు నకలు తీసి పెట్టుకొని ఉంటే తప్ప మార్గం లేదు. చెప్పడానికి నాకు బాధగానే ఉంది, ఎందుకంటే ఇదే దెబ్బ నేనూ తిన్నాను. ఒక లోయ మీద మాడ్ ఇచ్చిన రాళ్లతో వారాల తరబడి కట్టిన వంతెన, ఆ మాడ్ తీసేసి ఆట తెరిచిన ఉదయం లేదు. దానికి మామూలు చెక్కతో పెట్టిన కంచె మాత్రం రెండు వరసలుగా గాలిలో నిలబడి ఉంది.

ప్రపంచపు ఫైలులో ప్రతి వస్తువూ దాని పేరుతో నమోదై ఉంటుంది. ఆ పేరుకు అర్థం చెప్పే మాడ్ లేకపోతే ఆట ఆ చోటును ఖాళీ చేస్తుంది; ఆ ఖాళీతోనే ప్రపంచం మళ్లీ సేవ్ అవుతుంది. అందుకే మాడ్ తిరిగి వచ్చినా వస్తువులు రావు. కొన్ని లోడర్‌లు తెరిచే ముందు ఫలానా వస్తువులు కనబడడం లేదని హెచ్చరిస్తాయి. అప్పుడు వెనక్కి తగ్గడానికి మీకు ఒక అవకాశం ఉన్నట్టే. మాడ్ వేసే ముందూ, తీసే ముందూ, కొత్త వెర్షన్‌కు మార్చే ముందూ సేవ్స్ ఫోల్డర్‌లోని మీ ప్రపంచాన్ని యథాతథంగా మరోచోటికి కాపీ చేయండి. సర్వర్ అయితే ముందు దాన్ని ఆపి, వరల్డ్ ఫోల్డర్‌ను కాపీ చేయాలి. నడుస్తుండగా తీసిన నకలు కొన్నిసార్లు తెరుచుకోదు.

ప్రశ్న: మాడ్‌లు వాడితే ఖాతా బ్యాన్ అవుతుందని మా అన్నయ్య భయపెడుతున్నాడు. మాడ్ వాడడమంటే మోసం చేయడమేనని కూడా అంటున్నాడు. నిజమేనా?

జవాబు: మీ అన్నయ్యగారి భయం కొన్ని ఆటల విషయంలో పూర్తిగా సరైనదే. జీటీఏ ఆన్‌లైన్‌లో మాడ్‌లకు అనుమతి లేదు. ఒంటరిగా ఆడే భాగం కోసం పెట్టుకున్న మాడ్‌ను తీయడం మరచి ఆన్‌లైన్‌లోకి వెళ్లినా ఖాతాకు ముప్పే. అదే ఆటలో మాడ్ సర్వర్‌లు ఆడాలనుకునేవారికి ఫైవ్‌ఎం అనే వేరే ఏర్పాటు ఉంది. దాన్ని నడిపే బృందాన్ని 2023 ఆగస్టులో జీటీఏను తయారు చేసిన రాక్‌స్టార్ సంస్థే తనలో కలుపుకుంది. వాల్వ్ సంస్థ వాడే వ్యాక్ అనే మోసాల నిరోధక వ్యవస్థ ఉన్న సర్వర్‌లలో ఆట ఫైళ్లను ముట్టుకొని పట్టుబడితే బ్యాన్ శాశ్వతంగా ఉంటుంది. అపరిచితులతో పోటీ పడే ఆట, ర్యాంకులు ఉన్న ఆట, మోసాల నిరోధక ప్రోగ్రామ్ నడిచే ఆట అయితే, సంస్థ స్వయంగా అనుమతి ఇచ్చిన మాడ్‌లు తప్ప మరేవీ పెట్టకండి. మైన్‌క్రాఫ్ట్‌లో కూడా ప్రతి సర్వర్‌కూ తన నియమాలు ఉంటాయి. గోడల వెనుక ఖనిజాన్ని చూపించే మాడ్ మీ స్నేహితుల సర్వర్‌లో సరదా కావచ్చు. పెద్ద సర్వర్‌లో అది బహిష్కరణకు దారి తీస్తుంది.

కానీ మాడ్ అంటేనే మోసం అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. కౌంటర్ స్ట్రైక్ 1999లో హాఫ్ లైఫ్ ఆటకు ఇద్దరు అభిమానులు మొదలుపెట్టిన మాడ్. 2000లో వాల్వ్ దాన్ని స్వతంత్ర ఆటగా విడుదల చేసింది. డోటా 2003లో వార్‌క్రాఫ్ట్ 3 మీద ఆటగాళ్లు తయారు చేసుకున్న మ్యాప్. చివరిదాకా మిగిలినవారే గెలిచే, ఈనాడు కోట్లమంది ఆడే బ్యాటిల్ రాయల్ పద్ధతికి పబ్‌జీ కన్నా ముందు ఆర్మా ఆటల మాడ్‌లలో పునాది పడింది, ఆ మాడ్ రాసిన బ్రెండన్ గ్రీన్ తరువాత పబ్‌జీకి రూపకర్త అయ్యాడు. అందరికీ తెలిసి, అందరూ ఒప్పుకొని ఆడేది మాడ్. ఎదుటివారికి తెలియకుండా పైచేయి సాధించడానికి వాడేది మోసం. ఈ తేడాను మీ అన్నయ్యగారికి చెప్పి చూడండి.

ప్రశ్న: నా దగ్గర కంప్యూటర్ లేదు. ఫోన్‌లో మాడ్ ఏపీకే దించుకుంటే సరిపోతుందా?

జవాబు: వద్దు. మాడ్ ఏపీకే పేరుతో తిరిగేది ఆటకు చేర్చే మాడ్ కాదు, ఎవరో విప్పి మార్చి తిరిగి కట్టిన మొత్తం యాప్. డబ్బు కట్టవలసినవాటిని ఉచితం చేశామని చెప్పేవే వీటిలో ఎక్కువ. లోపల ఇంకేమి కలిపారో మీరు చూడలేరు. ఫోన్‌లో నడిచే మైన్‌క్రాఫ్ట్‌ను బెడ్‌రాక్ ఎడిషన్ అంటారు. జావా మాడ్‌లు అందులో పని చేయవు కానీ, యాడ్ ఆన్‌లు అనేవి పని చేస్తాయి. ప్రపంచాన్ని తెరిచినవారి దగ్గర ఉన్న ప్యాక్‌లు చేరేవారికి చేరే సమయంలోనే అందుతాయి, కాబట్టి మీ స్నేహితులలో ఒకరు సిద్ధం చేస్తే చాలు.

ప్రశ్న: పన్నెండేళ్ల మా అబ్బాయి మాడ్‌లు పెట్టమని అడుగుతున్నాడు. నాకు ఈ ఆటలు తెలియవు. కంప్యూటర్‌కు ప్రమాదమా?

జవాబు: జావా మాడ్ అంటే మీ కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామే. బొమ్మలూ శబ్దాలూ మాత్రమే మార్చే రిసోర్స్ ప్యాక్ లాంటిది కాదు. అది తలచుకుంటే ఇతర ఫైళ్లను కూడా చదవగలదు. 2023 జూన్‌లో ఫ్రాక్చరైజర్ అనే హానికర ప్రోగ్రామ్ మాడ్‌లు పంచే కర్స్‌ఫోర్జ్ వంటి పేరున్న చోటే కొందరు మాడ్ రచయితల ఖాతాల ద్వారా వ్యాపించి, బ్రౌజర్‌లలోని లాగిన్ సమాచారాన్ని దొంగిలించడానికి ప్రయత్నించింది. కొద్ది రోజులలోనే దాన్ని గుర్తించి తొలగించారు. కాబట్టి పేరున్న చోటు అంటే పూర్తి భరోసా అని కాదు. కానీ అక్కడ కనిపెట్టేవాళ్లూ హెచ్చరించేవాళ్లూ ఉంటారు, వీడియో కింద ఇచ్చిన ముక్కూ ముఖం తెలియని లింకు దగ్గర ఎవరూ ఉండరు.

మీరు చేయవలసింది కొంచెమే. మాడ్‌లు మాడ్రింత్, కర్స్‌ఫోర్జ్ వంటి చోట్లనుంచి మాత్రమే తీసుకోవాలని నియమం పెట్టండి. నిన్ననే వచ్చిన మాడ్ కన్నా, చాలాకాలంగా చాలామంది వాడుతున్న మాడ్‌ను ఎంచుకోమనండి. మాడ్ నడవాలంటే యాంటీవైరస్ ఆపాలనో, ఖాతా పాస్‌వర్డ్ ఇవ్వాలనో ఎక్కడైనా అడిగితే అక్కడే ఆగిపోవాలని స్పష్టంగా చెప్పండి. వీలుంటే బ్యాంకు పనులు చేసే కంప్యూటర్ కాక వేరేది ఇవ్వండి. తొలి మాడ్ పెట్టేటప్పుడు పక్కన కూర్చోండి. అది ఏమి చేస్తుందో మీ అబ్బాయినే వివరించమనండి.

ప్రశ్న: ఫోల్డర్‌లు, లోడర్‌లు నావల్ల కాదు. ఇవేవీ లేకుండా మాడ్‌లు ఆడే ఆటలు ఉన్నాయా?

జవాబు: ఉన్నాయి. డోటా 2లో ఆర్కేడ్ అనే విభాగం తెరిస్తే ఆటగాళ్లు తయారు చేసిన ఆటల వరుస కనిపిస్తుంది. నచ్చినదాన్ని నొక్కితే అదే దిగుతుంది, గదిలో ఉన్న అందరికీ ఒకే వెర్షన్ ఉంటుంది. 2019 జనవరిలో వచ్చిన డోటా ఆటో చెస్ ఇలా ఆర్కేడ్‌లో మొదలైనదే. వాల్వ్ నడిపే స్టీమ్ అనే ఆటల దుకాణంలో, మాడ్‌లు పంచుకొనే వర్క్‌షాప్ ఉన్న ఆటల్లో సబ్‌స్క్రైబ్ అన్న బటన్ నొక్కితే మాడ్ దానంతట అదే దిగి, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మారుతూ ఉంటుంది. టెరేరియా ఉన్నవారికి టీమాడ్‌లోడర్ స్టీమ్‌లో ఉచితంగా దొరుకుతుంది. మాడ్‌లు ఉన్న సర్వర్‌లో చేరబోతే, మీ దగ్గర లేనివాటిని అదే తెచ్చిపెడుతుంది. ఫ్యాక్టోరియోలో కూడా సర్వర్‌లోని మాడ్‌లతో మీవాటిని సరిపోల్చే బటన్ ఉంది. మొదటి ప్రశ్న అడిగిన పాఠకుడు చేతితో చేయవలసి వచ్చిన పనిని ఈ ఆటలు తామే చేస్తాయి. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: వర్క్‌షాప్ మాడ్ మీ దగ్గర మారి స్నేహితుడి దగ్గర ఇంకా మారకపోతే సర్వర్ మళ్లీ తలుపు వేస్తుంది. అప్పుడు ఇద్దరూ ఆటను మూసి, స్టీమ్‌ను కూడా పూర్తిగా మూసి తెరిచి, పాత వెర్షన్ ఉన్నవారి దగ్గర డౌన్‌లోడ్ పూర్తయ్యేదాకా ఆగండి.