సమాధానం: ఇది నిరాశ కాదు, భ్రమ వీడటం

కావలి తమ్ముడూ, రెండు పంటలూ వైట్‌స్పాట్‌ అనే రొయ్యల వైరస్ తెగులుకు పోయాక రొయ్యల గుంట గట్టెక్కబుద్ధి కావట్లేదన్నావు. కోరింది దక్కకపోతే నిరాశ. నీది వేరు, నమ్మిన లెక్కే తప్పని తేలింది. తాడును పామనుకున్నవాడికి దీపం వెలిగితే ఊరట. నువ్వు పామును తాడనుకున్నావు, అందుకే వెలుగే బాధిస్తోంది.

నోటుపుస్తకంలో ఒక్కో నమ్మకం రాయి: ఎవరు చెప్పారు, చివరికి ఏమైంది. ‘నాలుగు నెలల్లో అప్పు తీరుతుంది’ కొట్టెయ్. ‘సీడ్‌ను (రొయ్య పిల్లల్ని) వైరస్ ఉందేమో చూసే పీసీఆర్ పరీక్ష చేయించాకే వదలాలి’ ఉంచు. చాలామంది ఇక్కడే తప్పుతారు, అంతా మోసమేనని తేల్చేస్తారు. అదీ ఇంకో భ్రమే. ఆ ఊపులో గుంటను లీజుకిచ్చెయ్యొద్దు. నిద్ర, ఆకలి 2 వారాలు దాటి చెడితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.