ప్రీలాంచ్ ధర చూసి తొందరపడకండి

హైదరాబాద్ శివార్లలోని తెల్లాపూర్, కొల్లూరు వైపు ఫ్లాటు కోసం ఏడాదిగా తిరుగుతున్నా, డబ్బు సర్దుకునేలోపే ధర పెరిగిపోతోందని, అందుకే మొత్తం ముందే కడితే తక్కువకు ఇస్తామన్న ప్రీలాంచ్ (ప్రాజెక్టు అధికారికంగా మొదలవకముందే అమ్మే) బేరానికి ఒప్పుకోబోతున్నానని మీరు రాశారు. దయచేసి ఆగండి. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం అలాంటి పెద్ద ప్రాజెక్టును నమోదు చేయించకుండా అమ్మకూడదు. రిజిస్టరైన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోనూకూడదు. ఇలాగే ప్రీలాంచ్‌లో డబ్బు కట్టిన మా తమ్ముడికి ఇచ్చిన రసీదులో సొమ్ము అంకె తప్ప ఫ్లాటు నంబరు గానీ, అంతస్తు గానీ లేవు. ఆ డబ్బు కోసం ఇప్పటికీ తిరుగుతున్నాడు. తెలంగాణ రెరా వెబ్‌సైటులో నమోదు సంఖ్య, సబ్‌రిజిస్ట్రారు దగ్గర ఈసీ (ఆస్తిపై నమోదైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) చూసుకోండి. నా మటుకు, ఓసీ (భవనంలో నివసించవచ్చని ఇచ్చే ధ్రువపత్రం) వచ్చిన పాత ఫ్లాటు చూడమంటాను: జీఎస్టీ ఉండదు, అద్దె భారమూ వెంటనే తీరుతుంది.