గాత్ర సాధన: తారస్థాయి గొంతుకు బలం ఎలా వస్తుంది?

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. నేను ఆరేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను. ఐదు శ్రుతిలో, అంటే G ని ఆధార షడ్జంగా పెట్టుకుని పాడతాను. తార షడ్జం (పై స్థాయి 'స') దాకా గొంతు నిండుగా పలుకుతుంది గానీ, రిషభం దాటి గాంధారం అందుకోబోయేసరికి అరవాల్సి వస్తోంది. అరవకుండా పాడితే స్వరం విరిగి, ఒక్కసారిగా సన్నగా, గాలి కలిసినట్టుగా మారిపోతోంది. ఆ సన్నని గొంతునే హెడ్ వాయిస్ అంటారని విన్నాను. దాన్ని బలంగా తయారు చేసుకోవడం సాధ్యమేనా, లేక అది దొంగ గొంతేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందుగా ఆ 'దొంగ గొంతు' అన్న మాటను మనసులోంచి తీసేయండి. ఆ మాటకు జంకి తమ గొంతులో సగభాగాన్ని ముట్టుకోకుండానే వదిలేసిన అమ్మాయిలను నేను చాలామందిని చూశాను. అది మీ సొంత గొంతే. ఇన్నాళ్లూ సాధన లేక బలహీనంగా ఉంది, అంతే.

వీణ మీద మంద్రం తీగ లావుగా, సారణి తీగ సన్నగా ఉండడం మీరు చూసే ఉంటారు. మన కంఠంలో మాత్రం ఆ రెండు పనులనూ ఒకే జత స్వరతంత్రులు చేయాలి. కింది స్వరాలు పాడేటప్పుడు తంత్రుల లోపలి కండరం బిగిసి వాటిని పొట్టిగా, మందంగా ఉంచుతుంది. పైకి వెళ్లేకొద్దీ స్వరపేటిక ముందువైపున్న మరొక కండరం వాటిని సాగదీసి పలచన చేస్తుంది. మొదటి కండరం క్రమంగా పట్టు సడలిస్తూ, రెండోది క్రమంగా పని అందుకుంటే స్వరం అతుకు తెలియకుండా పైకి సాగుతుంది. మొదటిది చివరిదాకా పట్టు వదలకపోతే అరుపు వస్తుంది, హఠాత్తుగా వదిలేస్తే స్వరం విరుగుతుంది. మీ ఉత్తరంలో ఈ రెండు లక్షణాలూ ఉన్నాయి. ఐదు శ్రుతిలో తార షడ్జానికి తంత్రులు సెకనుకు 392 సార్లు, తార అంతర గాంధారానికి సుమారు 490 సార్లు కంపిస్తాయి. చాలామంది స్త్రీలకు మందపు గొంతును ఈ ఎత్తుకు మోసుకెళ్లడం కష్టమే కాబట్టి, ఇది మీ ఒక్కరి లోపమని బాధపడకండి.

మంద్ర స్థాయి హృదయంలో, మధ్య స్థాయి కంఠంలో, తార స్థాయి శిరస్సులో పుడతాయని 13వ శతాబ్దపు శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో చెప్పాడు. నాదం ఎప్పుడూ స్వరపేటికలోనే పుడుతుందన్నది నేటి శాస్త్రం చెప్పే మాట. అయినా పాడేవారికి పై స్వరాల కంపనం ముక్కు వెనుక, నుదుటి దగ్గర తెలుస్తుందన్నది అనుభవం. హెడ్ వాయిస్ అన్న పేరు కూడా ఆ అనుభవం మీదే నిలిచింది.

ఇక సాధన. మనం సరళి వరుసలు మొదలుకొని అన్నీ కింది నుంచి పైకి మొదలుపెట్టడానికి అలవాటుపడ్డాం. హెడ్ వాయిస్‌కు బలం కావాలంటే కొన్ని నెలలపాటు పై నుంచి కిందికి రండి. పిల్లలు బొమ్మ కారు తోలుతూ పెదవులు టపటపలాడిస్తారే, అదే శబ్దంతో తార మధ్యమం నుంచి మధ్య షడ్జం దాకా నెమ్మదిగా జారండి. అది కుదరకపోతే ఒక గ్లాసులో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి, స్ట్రా ముంచి, 'ఊ' అంటూ అదే జారుడు చేయండి. బుడగలు ఒకే తీరుగా వస్తుంటే మీ శ్వాస నిలకడగా ఉన్నట్టు. ఏదో ఒక స్వరం దగ్గర బుడగలు ఆగిపోయినా, ఒక్కసారిగా ఎగసిపడినా మీ అతుకు అక్కడే ఉందని గుర్తుపెట్టుకుని, ఆ రెండు మూడు స్వరాల మీదే మరింత మెల్లగా, మరింత చిన్న గొంతుతో తిరగండి. ఈ దశలో శబ్దం పెంచాలన్న కోరికను గట్టిగా అణచుకోవాలి.

రెండు మూడు వారాల తర్వాత తార షడ్జం మీద 'ఊ'తో మొదలుపెట్టి స ని ద ప అని దిగి, అదే ఊపిరిలో 'ఊ'ను 'ఓ'గా, ఆ తర్వాత 'ఆ'గా విప్పండి. అకార సాధకం ('ఆ' అంటూ స్వరాలు పాడే సాధన) చేసేటప్పుడు పై స్వరాల్లో నోరు అడ్డంగా సాగితే గొంతు బిగుసుకుంటుంది. దవడను కిందికి వదిలి, 'ఆ'లో కొంచెం 'ఓ' ఛాయ కలపండి. నోటి ముందు అరచేయి పెట్టి చూసుకోండి: వెచ్చని గాలి ధారగా తగులుతుంటే తంత్రులు పూర్తిగా కలవడం లేదు, శ్వాస వృథాగా పోతోంది. అప్పుడు 'గంగ' అన్నప్పుడు రెండో 'గ'కు ముందు నిలిచే అనునాసికాన్ని పట్టుకుని స్వరం తీసి, అందులోంచి అచ్చులోకి జారితే ఆ గాలి తగ్గుతుంది.

బలం వచ్చిందో లేదో గమకంలో, అంటే స్వరాన్ని ఊపి పలికించడంలో తెలుస్తుంది. తోడి రాగంలో తార గాంధారాన్ని ఊపినప్పుడు అది మధ్యమం వైపు లేచి మళ్లీ దిగుతుంది. మీ శ్రుతిలో ఆ ఊపు సరిగ్గా అతుకు మీదే పడుతుంది. దాన్ని మొదటి కాలంలో (నెమ్మది నడకలో), విడివిడి స్వరాలుగా, చిన్న గొంతుతో పాడి, ఆ తర్వాతే వేగం పెంచండి. అది నిలకడగా వచ్చాక ఒకే స్వరాన్ని సన్నగా మొదలుపెట్టి, పెంచి, మళ్లీ తగ్గించడం అలవాటు చేసుకోండి.

ఈ సాధన పూటకు 10 నిమిషాలు, రోజుకు రెండు పూటలు చాలు. గొంతు గరగరలాడినా, దగ్గు వచ్చినా ఆ పూటకు ఆపేయాలి. నా పంతొమ్మిదో ఏట శ్రీరామనవమి పందిట్లో మైకు సరిగా పనిచేయకపోయినా, తొమ్మిది రాత్రులు తారస్థాయిలో అరిచి పాడాను. పదో రోజు ఉదయం అమ్మను పిలుద్దామంటే మాట రాలేదు. మళ్లీ షడ్జం నిలబడడానికి మూడు నెలలు పట్టింది. బొంగురు రెండు వారాలు దాటినా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యుల దగ్గర తంత్రులను పరీక్ష చేయించుకోండి. కరక్కాయ బుగ్గన పెట్టుకుంటే నోరు ఊరి గొంతుకు కాస్త హాయిగా ఉంటుంది గానీ, అది వైద్యానికీ సాధనకూ బదులు కాదు. అలాగే నాలుగున్నర శ్రుతికి దిగి పాడడాన్ని చిన్నతనంగా భావించకండి.

ప్రశ్న: నేను మా చర్చి గాయక బృందంలో టెనర్ (మగవారి పై స్థాయి గొంతు) పాడతాను. మగవారికి హెడ్ వాయిస్ వేరు, ఫాల్సెట్టో వేరు అంటారు. తేడా ఏమిటి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఈ పేర్లను అందరు గురువులూ ఒకే అర్థంలో వాడరు. స్థూలంగా, తంత్రులు పలచబడి అంచులు సరిగా కలవకుండా గాలి కలిసి వచ్చేది ఫాల్సెట్టో; పలచబడినా చక్కగా కలిసి మోగేది హెడ్ వాయిస్. చాలామంది టెనర్లకు అతుకు సెకనుకు సుమారు 300 నుంచి 390 కంపనాల మధ్య వస్తుంది. ఫాల్సెట్టోను తక్కువగా చూడకండి, మీ సాధనకు అదే మెట్టు. మెత్తని 'ఊ'తో అందులో మొదలుపెట్టి, గొంతు మారే చోటును దాచుకోకుండా కిందికి జారుతూ రండి. బృందంలో పక్కవారికంటే గట్టిగా వినిపించాలని ప్రయత్నిస్తే ఈ పని సాగదు.

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. గొంతు మారుతోంది, పాట మాన్పించమంటున్నారు.
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: మాన్పించకండి. స్వరపేటిక పెరుగుతున్న ఈ కాలంలో గొంతు సుమారు ఒక స్థాయి కిందికి దిగుతుంది. పాత శ్రుతిలో తారస్థాయి అందుకోమని బలవంతపెట్టకుండా, హాయిగా పలికే ఐదారు స్వరాల్లోనే రోజూ కాసేపు పాడించండి. కచేరీలు, పోటీలు ప్రస్తుతానికి వద్దు. నెలకొకసారి గురువుగారి ఎదుట అబ్బాయి చేత పాడించి, శ్రుతిపెట్టెలో ఏ శ్రుతి సరిపోతుందో చూసి మార్చుకుంటూ ఉండండి.