ఆ తల్లి నోట ఆ మాట

విశాఖపట్నం

చిరంజీవి తమ్ముడికి,

నీ కథ రెండుసార్లు చదివాను. ఫిషింగ్ హార్బర్లో తిరిగినవాడివని మొదటి పేజీలోనే తెలిసిపోయింది. వేట నిషేధం రోజుల్లో జెట్టీకి వరసగా కట్టేసిన బోట్లు, వాటి నీడన వల బాగుచేసుకుంటున్న ముసలాయన... భేష్. చిక్కంతా మూడో పేజీలో వచ్చింది. కొడుకు చెప్పాపెట్టకుండా చెన్నైకి కూలిపనికి పోతే తల్లి ఫోన్లో ఏడుస్తూ, "నాకు ఇంటిమేట్ చెయ్యకుండా వెళ్ళిపోయావా?" అంటుంది. రేవులో చేపలమ్మే మనిషి అలా ఏడుస్తుందా? "ఒక్క ముక్క సెప్పకుండా ఎలిపోనావేట్రా!" అంటుంది. ఆమెను నువ్వు నాకంటే ఎక్కువసార్లే విని ఉంటావు.

ఈ 'ఇంటిమేట్' అనే మాటతో నాకూ పాత గొడవుంది. పోర్టు దగ్గర ఓ ఆఫీసులో గుమాస్తాగా ఉన్నప్పుడు, ఓడ ఎప్పుడొస్తుందో 'ఇంటిమేట్' చేయగలరని ఒక ఇంగ్లీషు కెప్టెన్‌కి రాశాను. ఓడ దిగాక ఆయన నవ్వి, "సూచనలెందుకయ్యా, పొద్దున్న పదింటికని సూటిగానే చెప్పేవాణ్ణిగా!" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత నిఘంటువు తీశాను. 'అన్నిటికన్నా లోపలిది' అనే లాటిన్ మాట దీనికి మూలం. తెలియజేయడం అనే అర్థం నిఘంటువులో ఉంది కాబట్టి నేను రాసింది తప్పేం కాదు. కాకపోతే ఇంగ్లీషువాళ్ళ వాడుకలో అది చూచాయగా చెప్పడం వైపు ఒరిగిపోయింది. మన ఆఫీసులు మాత్రం తెలియజేయడాన్నే పట్టుకుని కూర్చున్నాయి.

ఇంకో తిరకాసు. ఇంగ్లీషులో ఇదే మాటకి దగ్గరి స్నేహితుడనే అర్థం కూడా ఉంది. క్రియకైతే చివర 'మేట్' అని సాగుతుంది, స్నేహితుణ్ణి అనేటప్పుడు 'మట్' అని తేలిపోతుంది. మనం రెంటికీ 'మేట్' తగిలిస్తాం. అందుకే తల్లీకొడుకుల మధ్య ఆ మాట చూడగానే నాకు కాస్త నవ్వొచ్చింది కూడా. ఏమనుకోకు.

అలాగని కథలోంచి పూర్తిగా తీసెయ్యకు. రెండో పేజీలో సంఘం గుమాస్తా ఉన్నాడు కదా, నోటీసు గోడకంటించి చదివేవాడు? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట బంద్ అని 'ఇందుమూలముగా తెలియజేయడమైనది' అన్నాక, కళ్ళజోడు సవరించుకుని "డిపార్టుమెంటు ముందే ఇంటిమేట్ చేసిందర్రా" అంటాడు చూడు, ఆ మాట అతనిది. మన బిరుసైన 'తెలియజేయడమైనది'కి అది ఇంగ్లీషు తోబుట్టువు. వినేవాళ్ళలో ఒకడు "అంటే ఏటండి?" అని అడిగితే ఇంకా బాగుంటుంది.

తల్లి మాట మార్చి పంపు. వల బాగుచేసుకునే ముసలాయన గురించి ఇంకో పేరా రాయి. అతను నోటీసు వైపు తలెత్తి చూశాడో లేదో నువ్వు రాయలేదు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య