మ్యాచ్డ్ పెయిర్ కొన్నా బయాస్ చూడాల్సిందే

వాయిద్యాల శబ్దం పెంచే 50 వాట్ల ఆంప్‌లో ఈఎల్34 ట్యూబులు (శబ్దానికి బలమిచ్చే గాజు వాల్వులు) మార్చాలి, మ్యాచ్డ్ పెయిర్ (జత కలిపి అమ్మే రెండు ట్యూబులు) తెప్పించుకుంటే బయాస్ (ట్యూబులో ఊరికే ఉన్నప్పుడు ఎంత కరెంటు పారాలో నిర్ణయించే నెగటివ్ వోల్టేజీ) జోలికి పోకుండా నేరుగా పెట్టేయొచ్చా అని ఒకరు అడిగారు. వద్దండి. అలా పెట్టేసే నేను ఒక జత పోగొట్టుకున్నాను.

బెంగళూరు మారతహళ్లిలో మా గదిలో ఉగాది ప్రోగ్రాంకి ప్రాక్టీసు చేస్తున్నాం. కొత్త జత పెట్టి పావుగంట కూడా కాలేదు. లైటు ఆర్పితే, ఆంప్ వెనక రెండు ట్యూబుల్లోనూ బూడిదరంగు ప్లేటు (లోపలి లోహపు రేకు) కుంపట్లో బొగ్గులా ఎర్రగా కనిపించింది. మధ్యలో ఫిలమెంట్ నారింజ రంగులో వెలగడం మామూలే, దానికి టెన్షన్ అక్కర్లేదు. ప్లేటు ఎర్రబడితే మాత్రం ఆ క్షణమే ఆపేయాలి.

ఎస్పీ రోడ్డు దగ్గర పాత రేడియోలు బాగుచేసే అనంతపురం పెద్దాయన మీటరు పెట్టి చూశారు. ప్లేటు మీద 440 వోల్టులు, ఒక్కో ట్యూబులో 68 మిల్లీఆంపియర్లు. గుణిస్తే దాదాపు 30 వాట్లు. ఈఎల్34 ప్లేటు తట్టుకునేది 25. "మ్యాచ్ అంటే ఈ రెండూ ఒకదానికొకటి సమానమని బాబూ, నీ పాత జతతో సమానమని కాదు" అన్నారాయన. నాకు తెలియనిది అదే.

లెక్క చాలా తేలిక. ఆ 25లో 70 శాతం దగ్గర బయాస్ పెట్టుకోవాలి, అంటే 17.5 వాట్లు. దాన్ని మీ ప్లేటు వోల్టేజీతో భాగించండి. నాకు 40 మిల్లీఆంపియర్ల లోపు వచ్చింది. నేను 36 దగ్గరే ఆపాను, ఎందుకంటే మా ఇంట్లో సాయంత్రం 225 వోల్టులు ఉండే కరెంటు రాత్రి పదకొండు దాటాక 245 చూపిస్తుంది. దాంతోపాటే ప్లేటు వోల్టేజీ పైకి పోతుంది. మీ ఇంట్లో కూడా రెండు పూటలా కొలిచి చూసుకోండి.

కొలవడానికి ఒక్కో ట్యూబులో ఎలక్ట్రాన్లు వదిలే కాథోడ్‌కీ గ్రౌండుకీ మధ్య 1 ఓం రెసిస్టరు పెట్టించుకోండి. దాని మీద ఎన్ని మిల్లీవోల్టులు కనిపిస్తే అన్ని మిల్లీఆంపియర్లు. స్క్రీన్ (ట్యూబులో ప్లేటుకి ముందుండే జాలీ) కరెంటు కూడా అందులోనే కలుస్తుంది కాబట్టి అసలు ప్లేటు కరెంటు కాస్త తక్కువే, నష్టం లేదు. కొత్త ట్యూబులు పెట్టేముందు బయాస్‌ని బాగా నెగటివ్ వైపు తిప్పి, తర్వాత మెల్లగా పెంచండి.

రెండింటికీ మూడు నాలుగు మిల్లీఆంపియర్ల తేడా ఉంటే నేను పట్టించుకోను. పెద్ద తేడా వస్తే ఆంప్ ఆపి, చల్లారాక ట్యూబులు అటూ ఇటూ మార్చండి. ఎక్కువ కరెంటు ట్యూబుతోపాటు వెళితే లోపం ట్యూబుది. అదే సాకెట్ దగ్గర ఉండిపోతే ముందు దశ నుంచి ట్యూబుకి సిగ్నల్ పంపే కప్లింగ్ కెపాసిటర్ లీకవుతోందేమో చూడాలి. అప్పుడు కొత్త ట్యూబులు కొన్నా దండగే.

స్విచ్ ఆపాక కూడా వోల్టేజీని నిలకడ చేసే ఫిల్టర్ కెపాసిటర్లలో ప్రాణం తీసేంత చార్జి ఉంటుంది. దాన్ని ఖాళీ చేయడం రాకపోతే ఆంప్ విప్పకండి, చేయి తిరిగినవాళ్లకి ఇవ్వండి. స్పీకరు తగిలించకుండా మాత్రం ఎప్పుడూ ఆన్ చేయొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. సెట్ చేసి ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చి మళ్లీ కొలవండి, వారం వాయించాక ఇంకోసారి.